లోకము లెన్నియైనను బాకీ నాదే

నిరుడు ప్రామిసరీ నోటుపై చేవ్రాలు చేసినవాడును, నేడు ఆ అప్పు తీర్చవలసినవాడును ఒక్కడే యని మనము నమ్ముదుము. ఈ నమ్మకము లేనిచో వ్యాపారము ఒక్క దినమైనను సాగదు. ప్రతిక్రమణమును సాగదు. తప్పు చేసినది ఒకరు, పశ్చాత్తాపపడునది వేరొకరు అయినచో ఆ పశ్చాత్తాపమునకు అర్థమేమి? అయితే “నేను” అనువాడు ఎల్లప్పుడును ఒక్కడేనా యను సందేహమును ఆధునిక భౌతికశాస్త్రములోని ఒక వాదము మన ముందుంచినది. చదువుకొన్న పిల్లలు దీనిని గూర్చి అడిగినచో పెద్దలు చెప్పదగిన సమాధాన మొకటి ఉండవలెను గదా.

ఎలక్ట్రాను వంటి సూక్ష్మవస్తువును కొలువక ముందు, దాని యందు పలు స్థితులు కలిసియున్నట్లు గణితము చెప్పును. కొలిచినప్పుడు మాత్రము ఒక్క ఫలితమే కనబడును. తక్కినవి ఏమైనవి? అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన హ్యూ ఎవరెట్ 1957లో దీనికొక సమాధానము ప్రకటించెను. తక్కినవి ఎక్కడికిని పోలేదు. అన్ని ఫలితములును జరుగును. కొలిచిన మనిషియు వానితోపాటు శాఖలుగా చీలును. ఒక్కొక్క శాఖలోని వానికి తన ఫలిత మొక్కటే కనబడును. బ్రైస్ డివిట్ వ్రాతల వలన ఇది 1970 తరువాత ప్రచారమునకు వచ్చి, దీనికి బహులోకవాద మను పేరు స్థిరపడెను. ఇది ఋజువైన సత్యము కాదు. శాస్త్రజ్ఞులలో ఒప్పుకొనువారును కలరు, కాదనువారును కలరు. ఒప్పుకొన్నచో ఏమగునో విచారింతము.

కెలమంగలము నుండి ఒక దారి హోసూరునకు పోవును, ఇంకొకటి డెంకణికోటకు పోవును. ఒక వర్తకుడు సరకు ఏ ఊరికి పంపవలెనో తేల్చుకొనలేక, నాణెమునకు బదులు ఎలక్ట్రానును కొలుచు యంత్రమును నమ్మెననుకొందము. ఎవరెట్ లెక్క ప్రకారము ఒకడు హోసూరునకు పంపును, ఒకడు డెంకణికోటకు పంపును. ఇద్దరికిని నిన్నటి జ్ఞాపకము లన్నియు ఉన్నవి. నిరుటి నోటుపై చేవ్రాలు చేసినది తానే యని ఇద్దరును చెప్పుదురు. మరి అప్పు ఎవరిది?

దీపావళికి మనము పాత ఆవర్జాలోని నిలువలను కొత్త పుస్తకమునకు తెచ్చుకొందుము. ఒకే పాత పుస్తకము నుండి రెండు కొత్త పుస్తకములు వ్రాసినచో బాకీ దేనిలో ఉండును? రెంటిలోను ఉండును. సగము సగముగా కాదు, పూర్తిగానే. ఒక అప్పు రెండు అప్పు లగునా యని అడుగవచ్చును. అప్పిచ్చినవాడును రెండు శాఖలలో ఉన్నాడు. రెండు చోట్లను అతని పెట్టె ఖాళీయే. ఏ శాఖలోనివాడు ఆ శాఖలోని వానికి చెల్లించవలసినదే.

ఇక ఒక ప్రమాదకరమైన ఊరట కలదు. “ఇక్కడ తూకములో తగ్గించితిని గాని, వేరొక లోకములో నేనే సరిగా తూచియుందును, మొత్తముమీద లెక్క సరిపోయినది” అను ఊరట. ఇది రెండు విధముల తప్పు. త్రాసు దగ్గర చేయి వంగుట ఎలక్ట్రాను కొలత వంటిది కాదు. అది ఏండ్ల తరబడి పెంచుకొన్న లోభము యొక్క ఫలము. లోభము పెంచుకొన్నవాని శాఖ లెన్ని యున్నను, వానిలో ఎక్కువ భాగము మోసమే జరుగునని ఎంచవలెను. రెండవది, ఎక్కడనో సరిగా తూచిన బియ్యము ఇక్కడ మన యెదుట నిలిచిన వాని సంచిలో పడదు.

మన అనేకాంతవాదమును, ఈ బహులోకవాదమును ఒకటే యని చెప్పుట తొందరపాటు. అనేకాంతము చెప్పునది ఒకే వస్తువునకు గల అనేక ముఖములను. అనేక లోకములను గాదు. సమంతభద్రాచార్యుడు ఆప్తమీమాంసలో చూపిన దృష్టాంతము వర్తకులకు సులభముగ తెలియును. బంగారు కుండను కరగించి కిరీటము చేసిరి. కుండ కోరినవాడు దుఃఖించెను, కిరీటము కోరినవాడు సంతోషించెను, బంగారము కోరినవాడు సమముగ నుండెను. పర్యాయములు మారినవి, ద్రవ్యము నిలిచినది. మన అనంతపురము జిల్లాలోని కొనకొండ్లలో జన్మించినట్లు ప్రతీతి గల కుందకుందాచార్యుడు ప్రవచనసారములో విచారించినదియు ఈ ద్రవ్యపర్యాయముల సంబంధమునే.

అయినను ఒక చిక్కు దాచరానిది. బంగారమును రెండు ముక్కలు చేయవచ్చును; మన సిద్ధాంతము ప్రకారము జీవుని ఖండింపరాదు. ఎవరెట్ వాదము దేహమును, జ్ఞాపకమును గూర్చి మాత్రమే చెప్పును. జీవుని మాట ఎత్తదు. ఈ రెండును పొసగునని బలవంతముగ చెప్పుట కంటె, పొసగలేదని ఒప్పుకొనుట మేలు. ఇంగ్లండు తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ప్రకటించిన గ్రంథమున, మనిషి రెండుగా చీలినచో “వీరిలో నేనెవడు” అనునది ముఖ్యమైన ప్రశ్నయే కాదనెను. జీవుని నమ్మిన మనకు అది ముఖ్యమే.

కాని మన నడవడి ఆ తీర్పు కొరకు ఆగనక్కరలేదు. జీవుడు ఒక్కడే యైనచో చేసినవాడును నేనే, తీర్చవలసినవాడును నేనే. శాఖలుగా చీలుట నిజమైనచో, ప్రతి శాఖలోని నేనును పాత బాకీతోనే పుట్టితిని. ఏ దారిన పోయినను తప్పించుకొను సందు లేదు. సంవత్సరినాడు మనము క్షమాపణ కోరునది ఏ లోకములోని వానినో కాదు. మనవలన నొచ్చి, మన యెదుట నిలిచియున్న వానిని. అతనికి చెల్లించవలసినది ఈ లోకముననే, ఈ చేతితోనే చెల్లింపవలెను.