పక్షిని మోసగించి చూడవచ్చా?

మార్చి నెలలో అమ్రాబాద్ అడవుల మీదుగా ప్రయాణం చేసేవారికి కళ్ళు చాలవు. ఆకులు రాలిన మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. వాటిపై గోరింకలు, తేనెపిట్టలు మూగుతాయి. తీగమీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో కనిపించే పాలపిట్ట ఎగిరిందంటే చాలు, రెక్కల నీలం బయటపడుతుంది. పిల్లలు దాని పేరు అడుగుతారు. చెప్పడం మంచిదే. తలల మీదుగా రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఎగిరే పక్షుల్ని చూడరా అని దివ్య ఖుర్‌ఆన్ (ముల్క్ సూరా) మనల్ని ప్రశ్నిస్తోంది. కాబట్టి ఈ చూపు పొద్దుపోని పని కాదు.

అయితే ఇప్పుడు ఫోన్లలో పక్షుల కూతలు దొరుకుతున్నాయి. ఆకుల చాటున ఉన్న పక్షి బయటికి రావాలని కొందరు దాని కూతనే స్పీకరులో వినిపిస్తారు. వసంతం అది జతకట్టే కాలం. మగపక్షి తన చోటును కాపాడుకోవడానికి కూస్తుంది. ఫోను కూత విని, పోటీదారు వచ్చాడనుకుని మేత మానేసి వెతుక్కుంటూ వస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు. మనకు ఫోటో దక్కుతుంది.

దీనివల్ల దానికి పోయేదేముంది అంటారా? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో ఆయన తల్లి, ఒకటి ఇస్తాను రమ్మని పిలిచారు. ఏమి ఇవ్వదలచావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అన్నారామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా వ్రాయబడేదని ఆయన తెలిపారు (అబూదావూద్). ఉత్త చేతితో పిల్లవాణ్ణి పిలవడమే తప్పయితే, లేని శత్రువును చూపి పక్షిని పిలవడం ఏమవుతుంది? మాకైతే ఈ రెండింటికీ పెద్ద తేడా కనిపించడం లేదు. కోయిలతో పోటీపడి పిల్లలు కూయడం వేరు. కాసేపటికి పిల్లవాడు అలసిపోతాడు, స్పీకరు అలసిపోదు.

ప్రవక్త సహచరులు కూడా ఒకసారి ప్రయాణంలోనే ఉన్నారు. రెండు పిల్లలతో ఉన్న ఒక పక్షిని చూసి, ఆ పిల్లల్ని పట్టుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు చాచి తల్లడిల్లసాగింది. దీనిని బిడ్డల విషయంలో బాధపెట్టిందెవరని దైవప్రవక్త (స) అడిగి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఈ ఉల్లేఖనం కూడా అబూదావూద్‌లోనిదే. అందులో ఆ పక్షిని ‘హుమ్మరా’ అని పేరుతో సహా చెప్పారు. అది ఏ పక్షో వారికి బాగానే తెలుసు.