అదే బండి యగునా?

రాజాజీనగరమున మా అన్నగారి యింటి వెనుక రేకుల కొట్టములో 1965వ సంవత్సరపు స్టాండర్డు హెరాల్డు కారు ఒకటి కలదు. దాని ముందుభాగమంతయు, మూతయు రెక్కలును కలిసి, మొసలి నోరు వలె ఒక్కటిగా తెరచుకొనును. తెరచి చూచినచో లోపల నున్న ఇంజను హెరాల్డుది కాదు, మారుతీ జిప్సీది. ఈ సంగతిని గూర్చి గత ఆరు మాసములుగా మా కుటుంబమున ఒక వాదము నడచుచున్నది. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియారేండ్లు ఒక బీమా కార్యాలయమున గుమాస్తాగా వాహనముల ఇంజను సంఖ్యలును, చాసిస్ సంఖ్యలును పుస్తకములలో ఎక్కించి విశ్రాంతి పొందినవారము. ఇంజను మారిన బండి అదే బండియా, వేరు బండియా అను ప్రశ్న మాకు తర్కశాస్త్రమునుండి కాక లెడ్జరునుండి పరిచయము.

హెరాల్డును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఇంగ్లండులో ట్రయంఫు కంపెనీవారు 1959లో దీనిని విడుదల చేసిరి. రూపశిల్పి మికెలొత్తి అను ఇటలీ దేశస్థుడు. 1961 మొదలు మదరాసులో స్టాండర్డు కంపెనీవారు దీనిని తయారుచేసిరి. ఇంజను 948 సీసీలది. ఇతర కార్లవలె ఒకే పెట్టెగా అతుకబడక, ఇనుప చట్రముపై ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగింపబడుట దీని ప్రత్యేకత. ఇదే చట్రమును కొంత కురుచజేసి 1962లో స్పిట్‌ఫైరు అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును నిర్మించిరి. అనగా మా హెరాల్డు చూచుటకు సంసారి, వంశమున మాత్రము పందెగాడు. మదరాసు చెంత షోలవరమున పాత విమానాశ్రయపు దారిపై జరిగిన పందెములలో హెరాల్డులు పరుగెత్తిన రోజులను ఎరిగినవారు మన సంఘములో నేటికిని ఉందురు.

మా అన్నగారు ఈ బండిని 1983లో పాతదిగా కొనిరి. ఏటేట కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా తిరుపతికి దీనిలోనే కుటుంబమును తీసికొనిపోయెడివారు. 1991లో ఇంజను పట్టుకొనిపోయినది. అప్పటికి మదరాసున తయారీ నిలచిపోయి కొంతకాలమైనది, జే.సీ. రోడ్డు అంగళ్లన్నియు తిరిగినను సరియైన పిస్టనులు దొరకలేదు. ఆ సంవత్సరమే మా చెల్లెలి పెండ్లి. శివాజీనగరము గుజరీలో ప్రమాదమున నలిగిన జిప్సీ ఒకటి విప్పుచుండగా, దాని ఇంజనును గేరుపెట్టెను చవుకగా కొని, కొత్త ఊతలు చేయించి, వెనుక ఇరుసునకు పోవు షాఫ్టును కోయించి అతికించి, తగు అనుమతి పొంది నమోదు పత్రమున కొత్త సంఖ్యను వ్రాయించిరి. పిమ్మట ఇరువదియెనిమిదేండ్లు బండి నడచినది. 2019లో అన్నగారు కాలము చేసిరి.

వారి కుమారుడు కంప్యూటరు ఉద్యోగి. ఆదివారములందు తానే పనిముట్లు పట్టి బండికి జీర్ణోద్ధారణము చేయుచున్నాడు. చిల్లులుపడిన అడుగు రేకును కోసి కొత్తది వేసినాడు. ఎలుకలు కొరికిన తీగలను మార్చినాడు. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, సీట్లకు బెల్టులు పెట్టించినాడు. ఇందు మాకు అభ్యంతరము లేదు. జిప్సీ ఇంజను పాతదానికన్న బలము గలది. బలము పెంచి బ్రేకులు పెంచనివాడు దారిన పోవువారికి ద్రోహము చేసినవాడే. అదియునుగాక హెరాల్డు వెనుక చక్రములకు ఒక దుర్గుణము కలదు: మలుపులో వేగముగా పోవుచు ఒక్కసారిగా కాలు తీసినచో వెలుపలి చక్రము లోనికి ముడుచుకొని బండి తిరుగబడవచ్చును. ట్రయంఫువారే ఈ లోపమును గుర్తించి, 1970లో వచ్చిన స్పిట్‌ఫైరునకు వెనుక స్ప్రింగును మార్చిరి. చేసినవాడే దిద్దిన దానిని మనము దిద్దరాదనుట పూర్వవస్తు భక్తి కాదు, మూర్ఖత.

తగవు వేరొకచోట వచ్చినది. కేంద్రప్రభుత్వమువారు 2021లో పాత వాహనములకు కొత్త నియమములు చేసిరి. మొదటి నమోదునుండి ఏబదియేండ్లు దాటి, మూలరూపమున నుండి, చట్రమునందుగాని పైతొడుగునందుగాని ఇంజనునందుగాని పెద్ద మార్పు లేనిదానిని వింటేజి వాహనముగా గుర్తించి, వీ.ఏ. అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య నిత్తురు. మావాడు ఆ సంఖ్యకు ఆశపడినాడు. గుజరీలోనే వెదకి హెరాల్డు ఇంజను నొకదానిని సంపాదించినాడు. దానిపై నున్నది ఎవరి బండి సంఖ్యయో. "దాన్ని అరగదీసి మీ పాత నంబరు కొట్టేస్తే సరి, దేవుడు కూడా కనిపెట్టలేడు" అని మెకానిక్కు ధైర్యము చెప్పినాడు.

మావాని వాదము కొట్టివేయదగినది కాదు. "చిన్నాయనా, నాయన ఇష్టపడి మార్చలేదు, గతిలేక మార్చినాడు. ఆ నంబరు ఈ బండి పుట్టుకతో వచ్చిందే కదా! దాని పేరు దానికి తిరిగి ఇస్తున్నా, అంతే" అని యనినాడు. వినుటకు న్యాయముగానే యుండును. తండ్రి లేమిని తుడిచివేయవలెనను కొడుకు కోరికలో ప్రేమ లేదని ఎవరనగలరు?

ఈ ప్రశ్న నూతనము కాదు. మిళిందుడను యవనరాజు రథముపై రాగా, నాగసేనుడను బౌద్ధభిక్షువు అతనిని ప్రశ్నించెనట: ఇరుసు రథమా? చక్రములు రథమా? కాడి రథమా? ఏదియు కాదు, అన్నియు ఒకచోట కూడియుండగా రథమని వ్యవహరించుచున్నాము, అంతే. మన నైయాయికులు ఇంతటితో ఒప్పుకొనరు. వారి మతమున వస్త్రమునుండి ఒక నూలుపోగు లాగివేసినను పాత వస్త్రము నశించి వేరొక వస్త్రము పుట్టినట్లే. ఆ లెక్కన మా హెరాల్డు ఇప్పటికి కొన్నివందల మారులు చచ్చి పుట్టియుండవలెను. గుమాస్తాగిరికి ఈ సిద్ధాంతము బొత్తిగా పనికిరాదు. బోల్టు మారినప్పుడెల్ల కొత్త పాలసీ వ్రాయవలసివచ్చును!

న్యాయస్థానములును దీనిని విచారించినవి. 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సు దేశపు లె మాన్ పందెమును వరుసగా గెలిచిన బెంట్లీ కారు ఒకటి కలదు. దానిని ఓల్డ్ నంబర్ వన్ అని పిలిచెదరు. 1932లో దాని ఆరున్నర లీటర్ల ఇంజను తీసి ఎనిమిది లీటర్లది పెట్టిరి. ఆ యేడే బ్రూక్‌లాండ్సు పందెములో అది ప్రమాదమునకు లోనై, నడుపుచున్నవాడు మరణించెను. పిదప దానికి వేరు తొడుగు వేసిరి. అటుపిమ్మట దానిని కోటి పౌండ్లకు కొనుట కొప్పుకొన్నవారు, 1929 నాటి భాగములు ఇందు దాదాపు లేవని వెనుకాడగా, వ్యవహారము లండను హైకోర్టునకు ఎక్కినది. ఇది ఓల్డ్ నంబర్ వన్ అని పిలువబడుటకు అర్హమైనదే యని 1990లో న్యాయమూర్తి ఆటన్ తీర్పుచెప్పెను. ఆయన దృష్టిలో భాగములు మారినను బండి చరిత్ర తెగలేదు.

మావాడు ఈ తీర్పు విని సంతోషించి, "చూచితిరా, ఇంజను లెక్కలోనిది కాదు" అనెను. మేమన్నాము: "నాయనా, ఆ బండిని ఇంజను మారలేదని చెప్పి నిలబెట్టలేదు. మారినదని చెప్పియే నిలబెట్టినారు. నీవు కొట్టించు సంఖ్య ఇరువదియెనిమిదేండ్ల కథను కోసివేయును." శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010లో కూలినది, మరల కట్టిరి. అది శ్రీకాళహస్తి గోపురమే. కాని కొత్త రాతిపై 1516 అని చెక్కి, కూలనే లేదని చెప్పినచో?

ఇంత గట్టిగా మేము వాదించుటకు వేరొక కారణము కలదు. ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు. మేము ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో ఒక వృద్ధుని స్కూటరు దొంగలుపడి పోయినది. పత్రములోని ఇంజను సంఖ్యకును మా పుస్తకములోని సంఖ్యకును ఒక అంకె తేడా వచ్చుటచే క్లెయిము నిరాకరింపబడినది. ఆ 8ని 3గా ఎక్కించినది మా చేయియే. చూచినవెంటనే గుర్తుపట్టితిమి. ఉద్యోగము కచ్చితము కాలేదని భయపడి నోరు మెదపలేదు. ఆయన మూడుమారులు వచ్చి బల్లముందు నిలుచుండి, నాలుగవమారు రాలేదు. ఇనుముపై నుండు ఆ కొన్ని అంకెలు ఇనుమునకు అక్కరలేదు, మనుష్యులకే కావలయును. వస్తువు అదియా కాదా యని నాగసేనుడును నైయాయికుడును ఎంతకాలమైన వాదింపవచ్చును. వ్రాసిన అంకె నిజమా కాదా యనునది వాదమునకు లోబడదు. కనుకనే మావానితో, "నీకు కావలసిన పక్షమున హెరాల్డు ఇంజనే పెట్టుకొనుము, దాని సంఖ్య దానికి ఉండనిమ్ము, వీ.ఏ. అక్షరములు రాకున్న మానె" అని చెప్పితిమి.

మా వదినగారు ఈ వాదములో చేరలేదు. వింటేజి సంఖ్య పొందిన బండిని ప్రదర్శనకును, ర్యాలీకిని, సాంకేతిక పరిశోధనకును, పెట్రోలుకును మరమ్మతుకును తప్ప నిత్యము తిప్పరాదని తెలిసినప్పుడు మాత్రము, "అంటే తిరుపతికి పోకూడదా?" అని అడిగిరి. మరియొకనాడు కాఫీ ఇచ్చుచు, "మీ అన్న వచ్చేది ఆ చప్పుడుతోనే తెలిసేది నాకు. సందు మలుపులో వినపడగానే తలుపు తీసేదాన్ని. ఈ కొత్తది ఎట్లా మోగుతుందో" అని యనిరి. ఆమె ఎరిగిన చప్పుడు జిప్సీది. వెనుకటి హెరాల్డు ఇంజను ఎనిమిదేండ్లు మాత్రమే వారి యింట మ్రోగినది.

మావాడు బదులు చెప్పలేదు. గుజరీనుండి తెచ్చిన ఇంజను గోనెపట్టపై, ఎవరిదో సంఖ్య అట్లే కనబడుచుండగా, కొట్టపు మూలన నున్నది. ఈ ఆదివారము బ్రేకు గొట్టములలోని గాలి తీయవలెనట. ఒకరు లోపల కూర్చుండి పెడలు తొక్కుచుండగా మరియొకరు చక్రము కడ మర సడలింపవలెను. ఉదయము ఎనిమిది గంటలకు రమ్మని కబురుచేసినాడు. తొక్కుటకు మేము పోవుచున్నాము.