వెళ్లినవాడా, వెళ్లగొట్టబడినవాడా?

2025 మే 22వ తేదీన మద్రాసు హైకోర్టులో మన వేలూరు జిల్లా పోలీసు సూపరింటెండెంటును ప్రతివాదిగా చేర్చిన హెబియస్ కార్పస్ పిటిషనుపై తీర్పు వెలువడినది. 25 ఏండ్ల యువతిని కన్నవారు నిర్బంధించిరని ఆమె స్నేహితురాలు కోర్టు కెక్కినది. స్నేహితురాలననియే చెప్పుకొన్నది, అంతకు మించి చెప్పుటకు జంకినది. ఆ యువతి మాత్రము దాచలేదు. తనను కొట్టిరనియు, మామూలు మనిషిని చేయుటకు క్రతువులు జరిపించిరనియు చెప్పినది. ఆమె ఇష్టమైన చోటికి పోవచ్చుననియు, కుటుంబ మేర్పడుటకు వివాహమొక్కటే దారి కాదనియు న్యాయమూర్తులు పలికిరి. గుడియాత్తం బజారులో ఈ వార్త చదివినప్పుడు నాకు వేరొక ముఖము జ్ఞాపకము వచ్చినది.

పదేండ్ల క్రిందట మా బంధువుల పిల్లవాడొకడు తన మనసు పురుషుని యందే నిలుచునని ఇంట చెప్పినాడు. పెద్దలము నలుగురము వేలూరులో కూర్చొంటిమి. "పెండ్లి చేయుడు, అన్నియు సర్దుకొనును" అని మొదట పలికినది నేనే. నీరు వడగట్టి త్రాగువాడను, ప్రొద్దు గ్రుంకిన పిదప మెతుకు ముట్టనివాడను. ఏ ఇంటి ఆడపిల్ల గొంతు కోయుదునో తలచనైన లేదు. వాడు ఒప్పుకొనలేదు. అట్లయిన గుడికి రావలదన్నాము. బెంగుళూరు వెళ్లినాడు. ధర్మము విడిచిపోయినాడని నాటినుండి చెప్పుకొనుచున్నాము.

శాస్త్రమేమనుచున్నది? మోహనీయకర్మ భేదములైన తొమ్మిది నోకషాయములలో స్త్రీవేదము, పుంవేదము, నపుంసకవేదము అను మూడు గలవు. ఇచట వేదమనగా కామవాంఛ. పురుషుని కోరునది స్త్రీవేదము. దేహాకృతి నామకర్మము వలన, వాంఛ మోహనీయము వలన. రెండును ఒక్కటిగానే యుండవలెనను నియమము కర్మభూమి మనుష్యులకు లేదు. స్త్రీకి ఆ జన్మమున మోక్షము లేదనిన దిగంబరాచార్యులు (శ్వేతాంబరులు దీని నొప్పరు, అది వేరు తగవు) ఆగమములో మనుష్యిణికి పదునాలుగు గుణస్థానములు చెప్పిన చోట అర్థమేమి చెప్పిరి? పురుషదేహమున స్త్రీవేదోదయము గలవాడని. అనగా ఆ పిల్లవాని వంటివానికి మోక్షద్వారము మూయబడలేదు. తొమ్మిదవ గుణస్థానమున వాని వేదమును నశింపవలసినదే, నా వేదమును నశింపవలసినదే.

ఇట్టి కాపురమును శాస్త్రము మెచ్చినదని నేననను. స్వదారసంతోషవ్రతము వివాహమునే తలచినది. కాని వ్రతములో తప్పిన వ్యాపారులము, పన్ను ఎగవేసినవారము, మనమెవ్వరము గుడి మెట్టు దిగలేదు గదా!

వాడు నేటికిని చతుర్దశినాడు ఏకాశనము చేయునని తల్లి చెప్పినది.

ప్రతి భాద్రపదమునను క్షమాపణ పత్రికలు అచ్చువేయించి బాకీదారులకు సహా పంపుదును. వానికి ఎన్నడును పంపలేదు. ఈ యేడు చేతితో వ్రాసి పంపితిని. జవాబింకను రాలేదు.