మనకెందుకులే!

మన ఇళ్ళలో రోజుకొక్కసారైనా వినిపించే మాట ఒకటుంది. "మనకెందుకులే!" పక్కింటి గొడవ గోడ దాటి వినిపించినా, బస్సులో ఎవడో ఎవరి జేబులోనో చెయ్యి పెట్టడం కంటబడినా, పెద్దలు మనకు నేర్పిన మంత్రం అదే. ఆ మాటను నేను పూర్తిగా తప్పుపట్టను. ఆడది సాక్ష్యం చెబితే ఎన్ని నోళ్ళు లేస్తాయో మీకు తెలియనిది కాదు. అయితే, చూసి ఊరుకోవడానికీ, చూసినదాన్ని చెరిపెయ్యడానికీ తేడా ఉందా లేదా అన్నదే నా సందేహం. దీన్ని నాకు కలిగించింది ఏ వేదాంత గ్రంథమో అయితే గొప్పగా చెప్పుకుందును. కలిగించింది అరచెయ్యంత కెమెరా, దానికి తిండిపెట్టే బ్యాటరీ పెట్టె!

మా చెల్లెలు వాళ్ళది ఆళ్లగడ్డ. మరిది విత్తనాల వ్యాపారం పనిమీద రోజూ నంద్యాల వెళ్ళివస్తాడు. సుమారు 40 కిలోమీటర్ల దారి, ఎదురుగా ఎప్పుడూ లారీలే. అందుకని కారు ముందు అద్దానికి డాష్ కెమెరా పెట్టించుకున్నాడు. బండి నడిచినంతసేపూ అది రోడ్డును బొమ్మ తీస్తూనే ఉంటుంది. కానీ చాలా కార్లలో తాళం చెవి తియ్యగానే సాకెట్టుకు కరెంటు ఆగిపోతుంది, కెమెరా కన్ను మూస్తుంది. వాళ్ళింటికి షెడ్డు లేదు, కారు రాత్రంతా వీధిలోనే. ఎవరైనా గీకిపోతే? అందుకే ఫోన్లకు వాడే పవర్ బ్యాంకును రాత్రిపూట కెమెరాకు తగిలించడం మొదలుపెట్టాడు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే చిన్న కెమెరా దాదాపు తెల్లవార్లూ మెలకువగా ఉంటుంది. పగలు మాత్రం తీసి ఇంట్లో పెట్టేస్తాడు. మూసిన కారు నంద్యాల ఎండలో పొయ్యిలా కాలుతుంది, లిథియం బ్యాటరీకి ఆ వేడి ప్రమాదం. "ఊరగాయ జాడీని ఎండబెట్టొచ్చు గానీ దీన్ని పెట్టకూడదు వదినా" అంటాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఒకనాడు తెల్లవారుజామున వీధిలో ఇడ్లీబండి పెట్టుకునే ముసలామెను మోటారుసైకిలు గుద్దింది. చెయ్యి విరిగింది, గిన్నెలు వీధిపాలయ్యాయి. నడిపింది ఎదురింటి పిల్లవాడు. "నడిరోడ్డు మీద బండి పెడితే ఎవడు మాత్రం ఏం చేస్తాడు?" అన్నారు వాళ్ళ పెద్దలు. "వారనే పెట్టినానయ్యా" అని ముసలామె ఏడ్చింది. ఎవరు చూశారు? మరిది కెమెరా ఒక్కటే చూసింది. బండి వారనే ఉంది.

"మనకెందుకక్కా! చక్కెర నిండుకుంటే నేను పరుగెత్తేది ఆ ఇంటికే గదా" అని ఫోనులో చెల్లెలు. ఆమె భయం చిన్నది కాదు. వీధిలో బతకాలంటే వీధితో పొత్తు కావాలి.

అయితే ఇక్కడొక చిక్కుంది. కెమెరాలో 32 జీబీ కార్డు. బొమ్మ నాణ్యతను బట్టి నాలుగైదు గంటల్లో అది నిండిపోతుంది. నిండగానే పాతదాన్ని చెరిపి, అక్కడే కొత్తది రాసుకుంటుంది. తన కారుకు దెబ్బ తగిలితే మాత్రం ఆ కుదుపును కనిపెట్టి ఆ ముక్కను చెరగకుండా దాస్తుంది. పక్కన మనిషి చెయ్యి విరిగితే దానికి కుదుపు లేదు! యంత్రం ఎంత మనలాంటిదో చూశారూ!

ఆళ్లగడ్డ రాతిలో దేవుళ్ళను చెక్కే శిల్పుల ఊరు. అక్కడ చెక్కినది అంత తేలిగ్గా చెరగదు. మనిషి కంటితో చూసింది కూడా ఏళ్ళ తరబడి మనసులో ఉంటుంది. ఇవాళ భయపడి నోరు మూసుకున్నా, రేపు ధైర్యం వస్తే చెప్పవచ్చు. ఈ కార్డు ఆ గడువు ఇవ్వదు. మా వాళ్ళు ప్రత్యేకంగా ఏ పాపమూ చెయ్యనక్కర్లేదు. మామూలుగా కారెక్కి నంద్యాల వెళ్ళి వస్తూ ఉంటే చాలు, ముసలామె నిజం చెరిగిపోతుంది. ఇక్కడ ఊరుకోవడమంటే చెరిపెయ్యడమే.

ఆళ్లగడ్డకు అహోబిలం ఎంతో దూరం లేదు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా మనకు చిన్నవాడైన ప్రహ్లాదుడే గుర్తొస్తాడు. పెద్దవాడైన ప్రహ్లాదుడి కథ ఒకటి భారతంలో సభాపర్వంలో ఉంది. ద్రౌపది అడిగిన ప్రశ్నకు సభంతా నోరు మెదపనప్పుడు విదురుడు చెప్పిన కథ అది. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడూ, సుధన్వుడూ తమలో ఎవరు గొప్ప అని ప్రాణాలు పందెం కట్టి, తీర్పు కోసం ప్రహ్లాదుడి దగ్గరికే వచ్చారు. కన్నతండ్రి తటపటాయించి కశ్యపుణ్ణి అడిగాడు. తెలిసీ చెప్పనివాణ్ణి వరుణపాశాలు చుట్టుకుంటాయన్నాడాయన. ప్రహ్లాదుడు సుధన్వుడే గొప్పవాడన్నాడు. ఆ నిజాయితీకి మెచ్చి సుధన్వుడు విరోచనుడి ప్రాణం విడిచిపెట్టాడు. కొడుకుకే అంత ముప్పు ఉన్నప్పుడు నోరు విప్పిన ప్రహ్లాదుడి ముందు, చక్కెర బదులుకు వెనుకాడితే ఎలా?

"వీధంతా కాపలా కాయమని మనకెవరు చెప్పారు?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఎడతెగకుండా రోడ్డును రికార్డు చేస్తూ పోవడం చట్టం ఒప్పదంటూనే, ప్రమాదం కేసులో ఆ బొమ్మను సాక్ష్యంగా చూడవచ్చని 2018లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం అంది. నాకూ అలాగే తోస్తుంది. ఏ ఇంటికి ఎవరొచ్చారో, ఎవరు ఏ వేళకు వెళ్ళారో, అవి చెరిగిపోవడమే ధర్మం. మరచిపోవడం కూడా ఒక మర్యాదే. కానీ ఒకరికి తగిలిన దెబ్బ తాలూకు నిజం మన దగ్గర ఒక్కచోటే మిగిలి ఉన్నప్పుడు అది మన సొత్తు కాదు, మన దగ్గర దాచిన ఇంకొకరి సొమ్ము.

చివరికి కార్డు ఊడదీసింది చెల్లెలే. "బీరువాలో పెట్టినానక్కా. ఏం చెయ్యాల్నో నిదానంగా చూద్దాం" అంది. మరిది దాన్ని ఎవరి ఫోనుకూ పంపలేదు. ఎదురింటి పెద్దాయనకు ఒక్కడికే చూపించాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ముసలామె వైద్యానికీ, పని లేని రోజుల కూటికీ డబ్బిచ్చాడు. ఆ ఉగాదికి మాత్రం ఆ ఇంటినుంచి భక్ష్యాలు రాలేదట. నిజానికి ఖరీదుంటుంది మరి!

నిద్రపోతున్నవాణ్ణి ఏం చూశావని ఎవరూ అడగరు. మన కారుకు గీత పడకూడదని బ్యాటరీ తగిలించి మరీ తెల్లవార్లూ మేలుకొని, పక్కవాళ్ళ దెబ్బ దగ్గరకొచ్చేసరికి నిద్ర నటించడం ఎలా కుదురుతుంది, మీరే చెప్పండి!