పట్టి వదిలేసేదానికి

తెలుగులో చేపలు పట్టడం కూడా వేటే. పాకల ఒడ్డున ఎవరింటికైనా వెళ్ళి మనిషి ఏడని అడిగితే "వేటకెళ్ళాడు" అంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లు సముద్రంలోకి పోకూడదనే ఉత్తర్వు పేపర్లో "వేట నిషేధం" అన్న హెడ్డింగుతోనే వస్తుంది. గుర్రమెక్కి అడవికి పోయి సరదాకి జింకను కొట్టిన రాజుదీ వేటే. తెల్లారుజామున బోటు నీళ్ళలోకి తోసి, డీజిలు ఖర్చన్నా వస్తుందో రాదో తెలియకుండా వల వేసినవాడిదీ వేటే. ఒకటి ఆట, ఒకటి కూడు. భాష మాత్రం రెంటినీ ఒకే మాటలో కట్టి పడేసింది.

మనం విన్న మొదటి కథలోనూ అదే తికమక. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకెండలేదని అడిగితే చేప గడ్డిమోపు మీద చెబుతుంది, మోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. అందరిలోకీ చీమ ఒక్కటే తను చేసిన పనికి తన కారణం తను చెబుతుంది. ఇంత విచారణ జరిగిన కథలో ఒక ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. అసలు రాజకుమారులకి చేపలెందుకు? కోటలో కూరకి కరువా? ఎండుచేపలు తిని బతికే కొంపా అది? విచారణంతా చేప ఎండకపోవడం గురించే. పట్టడం గురించి కాదు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చిందంటే, సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి అలాస్కా క్రూయిజ్ అనేది ఎప్పటికైనా తీర్చుకోవాల్సిన మొక్కు లాంటిది. ఈ ఎండాకాలం నాలుగు కుటుంబాలం కలిసి వెళ్తున్నాం. నౌక ఒక్కో ఊళ్ళో కొన్ని గంటలు ఆగుతుంది, ఆ గంటల్లో ఏం చేయాలో ముందే డబ్బు కట్టి ఎంచుకోవాలి. కెచికాన్ అనే ఊరు దగ్గర మా వాట్సాప్ గ్రూపు ఆగిపోయింది. ప్రపంచ సాల్మన్ రాజధాని అని బోర్డు పెట్టుకున్న ఊరు. జనాభా ఎనిమిది వేల చిల్లర. మూడు నాలుగు పెద్ద నౌకలు ఒకే రోజు వస్తే ఊళ్ళోవాళ్ళ కంటే దిగినవాళ్ళే ఎక్కువ. అక్కడికెళ్ళి చేపలు పట్టకపోవడం తిరుపతి వెళ్ళి లడ్డూ తినకపోవడం లాంటిదని ఒక మిత్రుడి వాదన.

ఎంచుకోవడానికి రకరకాల పడవలున్నాయి. పట్టిన చేపని శుభ్రం చేసి, గడ్డకట్టించి ఇంటికి పంపే ఏర్పాటున్నవి. నాలుగు గంటలు తిప్పి, ఫొటో తీసి, చేపని తిరిగి నీళ్ళలో వదిలేసేవి. ఒడ్డుకి తీసుకెళ్ళి నిప్పుల మీద అక్కడే వండి పెట్టేవి. వీటన్నిటినీ మించి 'అల్యూషన్ బల్లాడ్' అని ఒకటుంది. ఒకప్పుడు బేరింగ్ సముద్రంలో ఎండ్రకాయలు పట్టిన పడవ అది. 2005లో ఒక రాకాసి అల కొట్టి అది పక్కకి ఒరిగిపోవడం 'డెడ్లీయెస్ట్ క్యాచ్' చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు దాని మీద వెచ్చటి కుర్చీలు వేశారు. మనం కూర్చుంటే పాత బెస్తవాళ్ళు బోనులు లాగి ఎండ్రకాయలు చూపించి, కథలు చెప్పి, వాటిని మళ్ళీ సముద్రంలో వదిలేస్తారు. మనుషులు చావుకి తెగించి కూడు సంపాదించిన చోటు సినిమా హాలైపోయింది. ఇది వెటకారంగా అనడం లేదు. చావులేని జీతం దొరికినందుకు ఆ మనుషుల తరఫున సంతోషమే.

మాలో ఒక జంట పూర్తి శాకాహారులు. వాళ్ళు ఏ మాత్రం ఆలోచించకుండా టిక్కు పెట్టింది పట్టి వదిలేసే పడవకి. "మేం చంపం కదా" అన్నారు. కోడిగుడ్డు తగిలిన గరిటె వేరే పెట్టే ఇల్లు అది. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. పిల్లలకి కూడా అదే మంచిదని, రక్తం చూడక్కర్లేదని మిగతావాళ్ళూ అటే మొగ్గారు.

సింగరాయకొండకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో మా అమ్మతో ఇది చెప్పాను.

"పట్టి ఏం చేస్తారంట?"

"మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు."

"వదిలేసేదానికి పట్టడం దేనికిరా?"

"సరదాకమ్మా."

"దానిక్కూడానా సరదా?"

అని, ఆ వెంటనే వంజరం ఎంత పిరమైందో చెప్పడం మొదలెట్టింది. మా అమ్మ అహింసావాది కాదు. నెత్తళ్ళు బుట్టతో కొని, అరుగు మీద కూర్చుని, చుట్టూ పిల్లులు కాపలా కాస్తుండగా తలలు గిల్లే మనిషి. చేప చావడం మీద ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరం చావకుండా బాధపడడం మీద. మా శాకాహార మిత్రుల లెక్కకి ఇది సరిగ్గా తలకిందులు.

ఈ రెండు లెక్కల్నీ చెరో దేశం చట్టాలుగా రాసుకుంది. అమెరికాలో పట్టి వదలడం మర్యాదస్తుడి లక్షణం, కొన్ని నదుల్లో, కొన్ని చేపల విషయంలో అదే నిబంధన. స్విట్జర్లాండులో 2009 నుంచి, వదిలేద్దామనే ఉద్దేశంతో చేప పట్టడమే నేరం. జర్మనీ జంతు సంరక్షణ చట్టం సహేతుకమైన కారణం లేకుండా జంతువుని బాధపెట్టకూడదంటుంది, తినడం కారణం కిందికి వస్తుంది, సరదా రాదు. ఒకే గాలం, ఒకే చేప, ఒకే పని. అట్లాంటిక్ దాటితే పుణ్యం పాపమవుతుంది.

ఎవరిది సరి? నాకు అనిపించేదేమంటే, వీళ్ళు జవాబిస్తున్న ప్రశ్నలే వేరు. అమెరికా వాడి ప్రశ్న: నదిలో చేపలు మిగులుతాయా? దానికి పట్టి వదలడం మంచి జవాబే. లక్షలమంది గాలాలేసే దేశంలో ప్రతివాడూ పట్టినదల్లా వండుకు తింటే పదేళ్ళలో నదులు ఖాళీ. స్విస్ వాడి ప్రశ్న అది కాదు. ఈ ఒక్క చేప నోట్లో ఈ కొక్కెం ఎందుకు? చేపల సంఖ్య గురించి ఎంత మంచి జవాబు చెప్పినా ఈ రెండో ప్రశ్నకి అది జవాబు కాదు. మా మిత్రులు మొదటి జవాబుని అరువు తెచ్చుకుని రెండో ప్రశ్న దగ్గర చెల్లించేస్తున్నారు.

చేపకి నొప్పి ఉంటుందా అనేది ఇక్కడ రావాలి. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. అవి మేత మానేశాయి, అటూ ఇటూ ఊగాయి, ఆమ్లం పడ్డవి తొట్టి అడుగున గులకరాళ్ళకి పెదవులు రాసుకున్నాయి. దీన్ని మనం అనుకునే నొప్పి అనొచ్చా లేదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, కాదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. నాకైతే ఆ గులకరాళ్ళు చాలు. ప్రయోగం చేసింది సరిగ్గా గాలం గుచ్చుకునే చోట.

పైగా "వదిలేయడం" అనుకున్నంత తేలిక కాదు. అలాస్కా లోతుల్లో రాక్‌ఫిష్ ఉంటుంది. అందులో ఎల్లోఐ అనే రకం వందేళ్ళు దాటి బతుకుతుంది, అంటే మనం పైకి లాగింది మన తాతమ్మ వయసు ప్రాణి కావచ్చు. దాన్ని వేగంగా పైకి తెస్తే లోపలి గాలి తిత్తి ఉబ్బి, కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. నీళ్ళలో పడేసినా మునగలేక పైనే తేలి చస్తుంది. అందుకే ఆగ్నేయ అలాస్కాలో దాన్ని బరువు కట్టి మళ్ళీ లోతుకి దించి వదిలే పరికరం పడవలో ఉండాలని నిబంధన. మా వృత్తిలో రోల్‌బ్యాక్ అని ఒకటుంది, తప్పు జరిగితే డేటాబేసుని పాత స్థితికి తెచ్చేస్తాం. కానీ ఆ మధ్యలో కస్టమరుకి వెళ్ళిపోయిన మెయిలు వెనక్కి రాదు. చేపకి మనం పంపేది అలాంటి మెయిలే.

భాగవతంలో సత్యవ్రతుడు దోసిట్లోకి వచ్చిన చేపపిల్లని నీళ్ళలో వదిలేయబోతే, పెద్ద చేపలు తినేస్తాయి, వదలకు అని అది బతిమాలుకుంటుంది. చేతికొచ్చాక వదిలేయడం కూడా ఒక పనేనని, దానికీ బాధ్యత ఉంటుందని ఆ కథకి తెలుసు.

ఇక్కడ ధర్మవ్యాధుణ్ణి ఎవరో ఒకరు తీసుకొస్తారు కాబట్టి నేనే తెస్తాను. ఆ ఉపాఖ్యానం తెలుగు భారతంలో అరణ్యపర్వశేషంలోది, అంటే ఎర్రన రాసిన భాగంలోది. ఎర్రనది గుడ్లూరు అంటారు, సింగరాయకొండ నుంచి కందుకూరు మీదుగా పోతే వస్తుంది (మా వైపు మనిషని చెప్పుకునే అవకాశం వదులుకోలేను). మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడు, తపస్సు చేసిన కౌశికుడికి ధర్మం చెబుతాడు. నాగలి దున్నినా మట్టిలో ప్రాణులు చస్తాయి, హింస లేకుండా బతికేవాడు లేడంటాడు. ఈ మాట ఇప్పుడు ప్రతివాడికీ పనికొస్తోంది, బిర్యానీ దగ్గరా, తోలు బూట్ల దగ్గరా. అయితే ఆ మాట అంటున్నది ఎవరు? కులవృత్తిలో పుట్టి, దానితో తల్లిదండ్రుల్ని పోషిస్తూ, తన పని ఏమిటో దాచకుండా దుకాణంలో కూర్చున్నవాడు. బతకడంలో తప్పని హింస గురించి ఆయన మాట్లాడాడు. సెలవుల్లో, బుఫేలో నాలుగు పూటలా తిని, అరగక పడవెక్కిన మనకి ఆ వాక్యం మీద హక్కు లేదు.

అలాగని ధర్మవ్యాధుడి కథలో నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. ఆయన అమ్ముతాడు కానీ చంపడు. వేరేవాళ్ళు చంపింది అమ్ముతానని స్వయంగా చెప్పుకుంటాడు. మళ్ళీ ఏడు చేపల కథలోలాగే పని ఇంకొకరి మీదకి జరుగుతుంది. సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కింద గులాబీరంగు సాల్మన్ ముక్క కొనే నేను ఆ వరసలో చిట్టచివరివాణ్ణి. ముప్పైనాలుగేళ్ళుగా చేపలు తింటున్నాను, ఒక్కదాన్నీ చంపలేదు. కాబట్టి పడవ ఎక్కడమే తప్పని నేననలేను. తినేవాడు జీవితంలో ఒక్కసారైనా ఆ చావు దగ్గర నిలబడి చూడాలి అనే వాదనకి నా దగ్గర ఎదురు లేదు.

హెమింగ్వే ముసలివాడు శాంటియాగో చేపని అన్న అంటాడు, ప్రేమిస్తాడు, చంపుతాడు. మనకది అబద్ధంగా అనిపించదు. ఎందుకంటే వాడు 84 రోజులు చేప దొరక్క ఖాళీగా తిరిగొచ్చాడు, చేతులు కోసుకుపోయాయి. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలివాడికీ పందికీ మధ్య ఉన్నదీ ఇలాంటి బంధమే. తమాషా ఏమంటే ఆ నవల రాసిన హెమింగ్వే మాత్రం 'పిలార్' అనే సొంత పడవ మీద సరదాకే మార్లిన్లు పట్టేవాడు. ఆటగాడే అయినా, కూటి కోసం పట్టేవాడి కథే ఎందుకు రాశాడో ఊహించవచ్చు. ఆటలో పోయేదేం ఉంది?

వేటల మధ్య గీత నాకు ఇక్కడ కనిపిస్తోంది. ఖాళీ వల లాగితే పాకల బోటుకి డీజిలు డబ్బులు పోతాయి, నలుగురి కూలి పోతుంది. నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేలైంది, రెండు నెలలకి ఒక ఇంటికి. కెచికాన్‌లో చేప పడకపోతే నాకేం పోదు, పడినా ఫొటో తప్ప ఏం రాదు. ఆ పడవలో పణంగా ఉన్నది చేప ఒక్కటే.

దీన్ని బట్టి టూరిస్టు గాలం వేయడం బెస్తవాళ్ళకి అవమానం అని కొందరంటారు. నాకది ఒడ్డున నిలబడ్డవాడి మాటలా ఉంటుంది. 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ నౌక చెన్నై నుంచి విశాఖకి వచ్చింది, దాని దారి మా తీరానికి తూర్పుగా, సముద్రంలో. రామాయపట్నంలో ఓడరేవు కడుతున్నారు, అది సరుకు కోసం, కానీ రేపెవరైనా అలాంటి నౌకని అక్కడ ఆపి "స్థానిక మత్స్యకారులతో నాలుగు గంటల వేట, లైఫ్ జాకెట్ ఉచితం" అని అమ్మారనుకుందాం. పాకల కుర్రాడు ఒప్పుకుంటాడు, ఒప్పుకోవాలి కూడా. రోజంతా కానాగంతల కోసం తిరిగేదానికంటే ఎక్కువ వస్తుంది. అతనికేం అవమానం లేదు. అతను మాత్రం మనం పట్టిన చేపని వదిలేయమంటే ఒకసారి మన మొహం వంక చూస్తాడని నా అనుమానం.

మా గ్రూపులో ఇది రెండు వారాలు నలిగింది. శాకాహార మిత్రుడితో, "నువ్వు రావద్దు, లేదా వచ్చి చూడు, గాలం మాత్రం ముట్టకు" అన్నాను. మాంసం తినేవాడు హింస గురించి చెబుతున్నాడని నవ్వాడు. నవ్వదగ్గదే. వాళ్ళావిడ మాత్రం తన టిక్కు తీసేసి, వానచెట్ల అడవిలో నడక ఎంచుకుంది. అతను ఇంకా పాత పడవ దగ్గరే ఉన్నాడు.

నేను ఒడ్డున వండే పడవ పక్కన పేరు రాశాను. వివరాల పేజీలో లైసెన్సు ఎక్కడ కొనాలో ఉంది, వానకోటు వాళ్ళే ఇస్తారని ఉంది, చేప దొరకకపోతే వాళ్ళు తెచ్చిన చేప వండుతారని కూడా ఉంది, అది నాకు నచ్చలేదు. లేనిదల్లా, దొరికిన చేపని చంపేది ఎవరు అన్నది. మామూలుగా పడవలో పనివాడే కర్రతో తల మీద కొట్టి, మొప్పలు కోసి రక్తం కారుస్తాడట, మనం అటు తిరిగి ఫొటోలు చూసుకోవచ్చు. ఆ పని నాకు ఇస్తారా అని కెప్టెనుకి మెయిలు పెట్టాను. ఇస్తాం, గ్లౌజులు తెచ్చుకో అని జవాబొచ్చింది.