గోత్రం అడిగితే ఏం చెప్పను?

ఈ వారం వీడియోలో సత్యకాముడి కథ చెప్తూ నేను మధ్యలో ఎందుకు ఆగానని కొందరు అడిగారు.

సరదాకి నేనూ, మా బాబాయి కొడుకూ ట్యూబ్‌లో ఉమ్మి డీఎన్‌ఏ టెస్టుకి పంపాం. అన్నదమ్ముల పిల్లలకి సుమారు 12 శాతం కలవాలి. మాకు సున్నా. అడిగితే నాన్న పేపర్ మడిచి, "తాతగారు నన్ను పెంచుకున్నార్రా. నాకు పెళ్లప్పుడే తెలుసు" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రోజూ సంధ్యావందనంలో చెప్పుకునే గోత్రం ఎవరిది మరి?

ఛాందోగ్యోపనిషత్తులో గౌతముడు అడిగిందీ అదే. నీ గోత్రమేంటి నాయనా అని. అమ్మకే తెలియదట అన్నాడు సత్యకాముడు, ఉన్నదున్నట్టు. ఆ నిజం విని గురువు ఉపనయనం చేశాడు, 400 బక్క ఆవుల్ని అప్పగించాడు. అవి వెయ్యి అయ్యేదాకా పిల్లాడు అడవిలోనే ఉన్నాడు.

రిపోర్టు తప్పని అనను, నేనూ డేటాతో బతికేవాణ్ణే. కానీ వై క్రోమోజోమ్ చెప్పేది ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వల్లో ఒక్కరి గురించే. దత్తత వచ్చినవాడికి పెంచిన తండ్రి గోత్రమేనని మనుస్మృతి ఎప్పుడో చెప్పింది.

మొన్న మహాలయ అమావాస్యకి నాన్న తాతగారి పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలారు. చెంబుతో నీళ్లు పోసింది నేనే. నాన్న చేతులు వణికాయి.