యశోదమ్మ ఎక్కిన బండి

చిన్నపిల్లలతో డాలస్‌కో లండన్‌కో వెళ్లిన వాళ్లకి ఒకటే దిగులు: "పిల్లలు మన దేవుణ్ణి మర్చిపోతారేమో!"

భాగవతం దశమ స్కంధం చూడండి. గోకులంలో పూతన, తృణావర్తుడు... గండం మీద గండం. పిల్లల క్షేమం కోసం ఊరు మారదామని పెద్దాయన ఉపనందుడు చెప్పాడు. బళ్లు కట్టారు. యశోద, రోహిణి ఒకే బండిలో బలరామకృష్ణులతో కూర్చుని, వాళ్ల ముచ్చట్లు వింటూ బృందావనం చేరారు.

అంటే పిల్లల కోసం ఊరు వదలడం తప్పు కాదు. అక్కడ తమ ఆవులకి మేత ఇచ్చిన గోవర్ధనగిరికే తర్వాత పూజ చేశారు. కొత్త నేలకి మొక్కారు, కన్నయ్యని వదల్లేదు.

మీకు డేకేర్‌కి వెళ్లే కారే ఆ బండి. ముందు పిల్లల కబుర్లు వినండి. తర్వాత తెలుగులో ఒక చిన్న కృష్ణుడి కథ చెప్పండి. వాళ్లు ఇంగ్లీషులో బదులిచ్చినా పర్లేదు, వింటున్నారు కదా!

జై శ్రీకృష్ణ!